పలుపు చేతికి వచ్చాకే పైకం

మా తాతగారికి గేదెల బేరంలో ఘనమైన పేరుండేది. కృష్ణాజిల్లాలో మా వూరి చుట్టుపక్కల ఎవరు పాడిగేదెను కొనాలన్నా ముందు మా అరుగు మీదికి వచ్చి, "మీరొక్కసారి చూస్తేగాని మాకు ధైర్యం చాలదు బాబాయిగారూ" అని ఆయనను వెంటబెట్టుకు వెళ్ళేవారు. ఆయన అక్కడ ఏం చూస్తారో తెలుసుకుందామని చిన్నప్పుడు నేనూ ఒకటి రెండుసార్లు వెంటపడి వెళ్ళాను. మొదట గేదెను చెరువులోంచి బయటికి తోలించేవారు. నాలుగడుగులు నడిపించేవారు. నోరు తెరిపించి పళ్ళు చూసేవారు. సాయంత్రం ఒక పూటా, మర్నాడు పొద్దున్న ఒక పూటా దగ్గర నిలబడి పాలు పితికించేవారు. ఆ తరువాత పక్కింటివాళ్ళతో లోకాభిరామాయణం మొదలుపెట్టి, అసలీ గేదెను ఎందుకు అమ్ముతున్నారో మెల్లగా రాబట్టేవారు. ఇంతా అయ్యాక, పలుపు ఈ చేతిలోకి వస్తేనే పైకం ఆ చేతిలో పెట్టేవారు. "నీళ్ళలో వున్న గేదెకు బేరమాడకండర్రా!" అనేది ఆయన మాట.

ఈమధ్య ఆ మాట నాకు రోజూ గుర్తుకు వస్తోంది. కారణం మా మేనల్లుడు.

మేనల్లుడంటే మా ఆడపడుచు కొడుకు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరి, మా ఇంట్లోనే వుంటున్నాడు. ఆఫీసుకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. పాపం, పొద్దున్న వెళ్ళినవాడు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతోంది. ఒకరు వాడిన స్కూటరు ఏదైనా చవకలో దొరికితే కొనుక్కుంటానన్నాడు. మంచి ఆలోచనే అన్నాను. సెకండుహాండు వస్తువు కొనడం చిన్నతనమేమీ కాదు. మా కాపురం పెట్టిన కొత్తలో మేము కొన్న బీరువా, కుట్టుమిషను రెండూ ఒకరు వాడి అమ్మినవే. కుట్టుమిషను ఇప్పటికీ నిక్షేపంలా నడుస్తోంది.

అయితే ఆ రోజుల్లో ఫలానావారి ఇంట్లో మిషను అమ్ముతారట అని ఎవరో చెబితే వెళ్ళి చూసి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడా "ఫలానావారు" ఫోనులోకి వచ్చేశారు. మావాడు ఒక రాత్రి ఫోనులో ప్రకటన చూశాడు. రెండేళ్ళు వాడిన స్కూటరు, గీత కూడా పడలేదు. మిగతావాళ్ళు అలాంటి బండికి 50 వేలకు తక్కువ చెప్పడం లేదు. ఇతను 28 వేలంటున్నాడు!

ఫోను చేశాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడట. తాను సైన్యంలో పనిచేస్తున్నానన్నాడు. సరిహద్దుకు బదిలీ అయింది, ఎల్లుండి బయలుదేరాలి, బండి వెంట తీసుకువెళ్ళలేను గనుక వచ్చినకాడికి ఇచ్చేస్తున్నానన్నాడు. అడగకుండానే తన గుర్తింపు కార్డు, కాంటీను కార్డు, బండి కాగితం ఫోటోలు తీసి పంపాడు. యూనిఫారం వేసుకున్న మనిషి ఫోటో చూశాక ఇంక మావాడికి అనుమానమెందుకుంటుంది?

"నేను వచ్చి బండి చూస్తానండీ" అన్నాడట మావాడు.

"కంటోన్మెంటులోకి బయటివాళ్ళను రానివ్వరు బాబూ. మిలిటరీ పార్సెల్‌లో మీ ఇంటికే పంపిస్తాను. బండి చూసుకున్నాకే 28 వేలూ ఇవ్వండి. పార్సెల్ ఖర్చు 2,150 మాత్రం ఇప్పుడు పంపండి" అన్నాడట అతను.

ఎంత న్యాయంగా వుంది చూడండి! మావాడు పంపాడు. మర్నాడు, బండిని గుడ్డచుట్టి లారీలో ఎక్కించిన ఫోటో వచ్చింది. దాని వెనకే గేటుపాసు డిపాజిట్టు అని 7,500 అడిగారు. "ఇది తిరిగి వచ్చే సొమ్మే" అన్నారు. ఆ తరువాత, డబ్బు కట్టడం ఆలస్యమయింది గనుక 11,999 కడితేగాని లారీ కదలదన్నారు. అదీ తిరిగి వచ్చే సొమ్మేనట. స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని మరీ కట్టాడు. చివరికి విసుగెత్తి, "నాకు బండీ వద్దు, గిండీ వద్దు, నా డబ్బు నాకు పంపేయండి" అన్నాడు. "దానికేం, తప్పకుండా!" అని అవతలివాళ్ళు నలుపు తెలుపు గడుల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, ఒకటి పంపారు. దాన్ని స్కాన్ చేసి పిన్ నొక్కితే సొమ్ము జమ అవుతుందన్నారు. మావాడు నొక్కాడు. జమ కావడం మాట దేవుడెరుగు, ఇంకో 5,000 పోయాయి.

28 వేల బండికి 26,649 రూపాయలు కట్టి, బండి లేకుండా మిగిలాడన్నమాట.

ఇవేవీ మాకు తెలియవు. పిల్లవాడు అన్నం సరిగా తినడం లేదని మాత్రం గమనించాను. నాలుగో రోజు రాత్రి వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యా, మామయ్యకు చెప్పనంటేనే ఒక మాట చెబుతాను" అన్నాడు. అంతా విన్నాక నాకు వాడి డబ్బు పోయినందుకంటే, నాలుగు రోజులు వాడు లోలోపల కుమిలిపోయినందుకే ఎక్కువ బాధ కలిగింది.

మావారికి చెప్పక తప్పలేదు. ఆయన గొంతు పెంచబోతూ పెంచబోతూ, ఎందుకో ఆగిపోయారు. ఎందుకో నాకు తెలుసు. పెళ్ళయిన ఏడాది సికిందరాబాదు స్టేషను బయట ఎవడో పెద్దమనిషి దగ్గర "ఫారిన్ వాచీ" ఒకటి కొన్నారు. అది ఇల్లు చేరేలోగానే నిలిచిపోయింది. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు. ఆయనకే గుర్తువచ్చినట్టుంది.

అప్పుడు ముగ్గురం కూర్చుని 1930 నంబరుకు ఫోను చేశాం. సైబరు మోసాల్లో పోయిన డబ్బు గురించి దేశమంతటా చెప్పుకోవలసిన నంబరు అదే. ఏ బ్యాంకు, ఎంత మొత్తం, ఏ రోజు, లావాదేవీ నంబరు ఏమిటి అని అడిగి రాసుకుని, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కేంద్ర హోంశాఖవారి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా వివరాలన్నీ నింపి, ఫోటోలు, సంభాషణలు జతచేశాం. ఇలాంటి ఫిర్యాదు అందగానే, డబ్బు ఏయే ఖాతాల్లోకి వెళ్ళిందో చూసి, అక్కడ ఇంకా మిగిలివున్నదాన్ని బ్యాంకులచేత నిలుపుచేయిస్తారు. కాని దొంగలు కూడా ఊరుకోరు గదా! ఒక ఖాతాలో పడిన డబ్బును గంటల్లో మరి నాలుగు ఖాతాలకు చేరవేసి, బయటికి తీసేస్తారు. మేము ఫోను చేసేసరికి 3,200 మాత్రం ఒక ఖాతాలో చిక్కింది. అది చేతికి రావడానికి ఇంకా కాగితాలు నడుస్తున్నాయి.

మొదటిరోజే ఫోను చేసివుంటే? ఆ మాట నేను వాడితో అనలేదు. మీతో మాత్రం అంటున్నాను.

ఇక ఈ దగా నడిచే తీరు కాస్త విడదీసి చూద్దాం. మావాడు తెలివితక్కువవాడు కాడు. ఆఫీసులో పెద్ద పెద్ద లెక్కలు చేసేవాడే. మొదట చవక ధర ఎరవేశారు. తరువాత యూనిఫారం చూపి గౌరవం పుట్టించారు. ఎల్లుండి ప్రయాణం అని తొందరపెట్టారు. బండినీ, మనిషినీ చూడనివ్వకుండా గేటు అడ్డం పెట్టారు. మొదట అడిగింది చిన్న మొత్తం. ఆ చిన్న మొత్తం పోతుందేమోనన్న భయంతోనే మనిషి రెండోసారి పెద్ద మొత్తం కడతాడు. "ఇదొక్కటీ కడితే ముందుదంతా తిరిగి వస్తుంది" అన్న మాట వినబడిందంటే అది మోసమే. ఇంక రుజువు అక్కరలేదు.

ఆ కార్డు మీద వున్న జవాను సంగతి కూడా ఆలోచించండి. ఇలాంటి ప్రకటనల్లో వచ్చే కార్డులు సాధారణంగా ఎవరి దగ్గరో కాజేసినవో, కల్పించినవో. నిజంగా దేశసేవ చేసే మనిషి పేరూ మొహమూ వాళ్ళు దొంగసొత్తులా వాడుకుంటారు. కార్డు ఫోటో పంపినంత మాత్రాన ఆ మనిషి ఆ మనిషే అయిపోడు.

అందుకే నేను మా తాతగారి సూత్రానికే వచ్చాను. వస్తువు, మనిషి, పైకం, ఈ మూడూ ఒకే చోట, ఒకే వేళ కలవాలి. వస్తువు కళ్ళెదుట వుండాలి, అమ్మే మనిషి ఎదురుగా వుండాలి, అప్పుడే డబ్బు కదలాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి "తరువాత వస్తుంది" అన్నా గేదె ఇంకా నీళ్ళలోనే వున్నట్టు లెక్క. బయానా అనండి, బుకింగు అనండి, పార్సెల్ ఖర్చు అనండి, పేరు ఏదైనా సరే, చూడని వస్తువుకు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. "ఇంకెవరో కొనేస్తారు" అంటే కొననివ్వండి. ఊళ్ళో స్కూటర్లకు కరువు రాలేదు.

ఆ తరువాత నెలన్నరకు మావాడు బండి కొన్నాడు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. మాకు రెండు వీధుల అవతల వుండే రిటైరయిన టీచరుగారిది. మోకాళ్ళ నొప్పులవల్ల నడపలేక అమ్ముతున్నారు. ధర 46 వేలు. ఆవిడ ఇల్లు, వాకిలి, పేరు పలక అన్నీ చూశాం. పట్టపగలు పదకొండు గంటలకు, మెకానికును కూడా తీసుకుని వెళ్ళాం. బండి మీద చెక్కివున్న చాసిస్ నంబరు, ఇంజను నంబరు, రిజిస్ట్రేషను కార్డులోని నంబర్లతో అక్షరం అక్షరం సరిచూశాం. రవాణాశాఖవారి ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, ఇన్సూరెన్సు ఎప్పటివరకూ వుందో, బండి మీద అప్పు వుందో లేదో చూశాం. పాత చలానాలు ఏమైనా వున్నాయేమో కూడా చూశాం.

అక్కడ ఒక చిక్కు బయటపడింది. టీచరుగారు బండి అప్పు ఎప్పుడో తీర్చేశారుగాని, కార్డులో బ్యాంకు పేరు అలాగే వుండిపోయింది. ఆవిడే ఆశ్చర్యపోయారు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రమూ, 35వ నంబరు ఫారమూ తెచ్చి ఆ పేరు కొట్టివేయించేదాకా ఆగుదామన్నాను. పది రోజులు పట్టింది. మావాడు లోపల గింజుకున్నాడుగాని నోరెత్తలేదు. ఆ పని పూర్తయ్యాక యాజమాన్యం మార్పుకు 29, 30 నంబరు ఫారాల మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు బండి చేతులు మారిందో కూడా ఒక కాగితం మీద రాసి చెరొక ప్రతి వుంచుకున్నారు. ఆ గంట ముందు పడిన చలానా ఎవరిదో, ఆ తరువాత పడినది ఎవరిదో రేపు తగవు రాకూడదు గదా! బండి కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకి కూడా పేరు మార్పు తెలియజేయాలి. ఇది చాలామంది మరచిపోయే పని.

డబ్బు పంపేటప్పుడు కూడా ఒక పద్ధతి వుంది. ముందుగా ఒక్క రూపాయి పంపాడు. తెర మీద కనిపించిన పేరూ, టీచరుగారి పేరూ ఒకటేనని చూసుకున్నాడు. "వచ్చింది నాయనా" అని ఆవిడ అన్నాకే మిగతాది.

బండి కాకుండా ఫోను కొనేవారికి ఒక మాట. ఫోనులో స్టార్, హాష్, 06, హాష్ అని నొక్కితే ఐ.ఎం.ఇ.ఐ. అనే 15 అంకెల నంబరు కనబడుతుంది. టెలికమ్యూనికేషన్ల శాఖవారి సంచార్ సాథీలో ఆ నంబరు వేసి చూస్తే, అది దొంగతనం ఫిర్యాదుమీద ఆపివేసిన ఫోనా, నకిలీ నంబరుదా అన్నది తెలుస్తుంది. పాత బిల్లు అడగండి. అమ్మినతను తన ఖాతాను ఫోనులోంచి మీ ఎదుటే తీసివేయాలి. లేకపోతే ఇంటికి తెచ్చాక అది తాళం పడిన పెట్టెలా కూర్చుంటుంది.

చవకగా వచ్చింది, ఎక్కడిదైతే మనకేం అనుకోకండి. తనది కాని వస్తువును అమ్మేవాడు కొన్నవారికి హక్కు ఇవ్వలేడన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని సూత్రం. దొంగసొత్తు అయితే వస్తువూ పోతుంది, ఇచ్చిన డబ్బూ పోతుంది, పోలీసు స్టేషను చుట్టూ తిరగడం అదనం.

మరొక సంగతి. దుకాణంలో కొన్న వస్తువు బాగాలేకపోతే వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. వ్యాపారి కాని మనిషి తన ఇంట్లోని పాత వస్తువు అమ్మితే సాధారణంగా ఆ దారి వుండదు. మోసగాడు దొరికితే శిక్ష లేకపోలేదు. వేరొకరుగా నటించి కంప్యూటరు, ఫోనుల ద్వారా దగా చేస్తే 2000 నాటి ఐ.టి. చట్టం 66-డి సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వున్నాయి. కాని దొరకాలి గదా! అందుకే కొనే ముందు పడే శ్రమే మనకు అసలైన రక్షణ.

ఇంట్లో పెద్దవాళ్ళకూ, పిల్లలకూ కూడా ఈ మాట బాగా నూరిపోయండి. యు.పి.ఐ. పిన్ అనేది డబ్బు ఇవ్వడానికి మాత్రమే. పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, గడుల బొమ్మ స్కాన్ చేయనూ అక్కరలేదు. మన ఇంటి సోఫా కొంటామని ఫోను చేసి, "మీకు డబ్బు పంపుతాం, ఇది స్కాన్ చేయండి" అనేవాళ్ళూ ఈ తెగవాళ్ళే. పంపినట్టు ఫోటో చూపిస్తే చాలదు. మన బ్యాంకు ఖాతాలో జమ కనబడాలి. ఫలానా యాప్ వేసుకోండి, ఈ లింకు నొక్కండి అన్నా వినవద్దు. బేరానికి వెళ్ళేటప్పుడు ఒంటరిగా, చీకటి పడ్డాక, ఊరి చివరికి వెళ్ళకండి. పగటిపూట, నలుగురు తిరిగే చోట, తోడు తీసుకుని వెళ్ళండి.

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మోసపోతూనే వుంటారు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఏమంటారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి వుంటుంది. మన తిట్లకు జడిసి పిల్లలు సంగతి దాచిపెట్టే ప్రతి గంటా దొంగకు కలిసివస్తుంది. మావాడు దాచిన నాలుగు రోజులూ దొంగకు మేమే ఇచ్చిన గడువులా నాకు తోస్తోంది. డబ్బు పోయిందని పిల్లలు చెబితే ముందు 1930కి ఫోను చేయించండి. లావాదేవీ నంబర్లు, సంభాషణలు, ఫోటోలు ఒక్కటీ చెరిపివేయకుండా వుంచండి. బ్యాంకుకూ చెప్పండి. తిట్టాలనిపిస్తే వచ్చే నెలలో తిట్టవచ్చు. నంబరు గుర్తుండకపోతే, గాంధీగారు దండికి నడిచి ఉప్పు సత్యాగ్రహం చేసిన ఏడాది అనుకోండి. అదే 1930.

టీచరుగారి ఇంట్లో ఆ రోజు జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. కాగితాలన్నీ అయ్యాయి. ఆవిడ మాకు కాఫీ ఇచ్చారు. మావాడు ఫోను చేతిలో పట్టుకుని 45,999 అని అంకెలు వేశాడు. పిన్ నొక్కబోయి, ఒక్క నిమిషం ఆగి ఆవిడ వంక మొహమాటంగా చూశాడు.

"తాళంచెవి ఇస్తారా అండీ?" అన్నాడు.

ఆవిడ నవ్వి, కొంగు ముడిలోంచి తీసి వాడి చేతిలో పెట్టారు. అది గుప్పిట్లో పడ్డాకగాని వాడు పిన్ నొక్కలేదు. మా తాతగారు వుంటే వాడి వీపు తట్టేవారు.